ఏడో జెండా దగ్గర చప్పట్లు

ఆ కాలనీలో తెల్లారిందనడానికి సూర్యుడొక్కడే చాలడు. వార్తల పిన్ని గొంతు కూడా వినిపించాలి.

గోల్ఫ్ మైదానం చుట్టూ కట్టిన ఆ ఇళ్ళలో, పొద్దున్న ఏడయ్యేసరికి అందరి ఫోన్లలోనూ ఆవిడ వాయిస్ మెసేజ్ పడేది. "రెండో వీధి వాళ్ళ బూడిదరంగు పిల్లి మళ్ళీ తప్పిపోయింది. కనిపిస్తే పాలు పోయకండి, పోస్తే అది ఇల్లు మరిచిపోతుంది. చెరువు గట్టున బాతు పిల్లల్ని లేపింది, బగ్గీలు నెమ్మదిగా నడపండి. పళ్ళ డాక్టరు గారి కిటికీ మళ్ళీ పగిలింది, ఈసారి వంటింటిది. ఇవాల్టికి ఇంతే. కళ్ళు తెరుచుకుని నడవండి." అంతకంటే పెద్ద వార్త అక్కడ పుట్టి ఎరగదు.

ఈ రోజు ఏడు దాటింది, ఎనిమిదీ దాటింది. వార్తలు రాలేదు. చెప్పే మనిషే వార్త అయి కూర్చుంది. జెండా పాతిన ఏడో హోల్ దగ్గర గడ్డి మీద తల పగిలి పడి ఉన్న పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆవిడ పక్కన ఒక గోల్ఫ్ బంతి దొరికింది. ఇంకా స్పృహ రాలేదు.

డిటెక్టివ్ తమ్ముడి ఇంటికి చేరేసరికి తొమ్మిది కావస్తోంది. తమ్ముడు ఆ మైదానంలో గోల్ఫ్ కోచ్. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, ఎక్కడికి బయల్దేరాడో మరిచిపోయినవాడిలా గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పదింటికి కమిటీ కూర్చుంటోందక్కా. పిల్ల తప్పు ఒప్పుకుంటే పొరపాటున జరిగిందని వదిలేస్తారట. ఆటలోంచి మాత్రం తీసేస్తారు. మేం ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఒప్పుకోకపోతే పోలీసుల్ని పిలుస్తానంటున్నాడు కాపలా ఈల సారు."

"అదేమంటోంది?"

"నేనే కొట్టాను నాన్నా అంటోంది. పొద్దున్నుంచీ అదే మాట. వచ్చే వారం సెలెక్షన్లక్కా. రెండేళ్ళ నుంచి ఆ రోజు కోసమే బతుకుతోంది అది."

"నువ్వు ముందు ఆ రెండో చెప్పు వేసుకుని క్లబ్బుకి వెళ్ళు. నేను వచ్చేదాకా వాళ్ళని మాటల్లో పెట్టు. అది చేతనవును నీకు."

మేనకోడలు లోపలి గదిలో, మంచానికీ గోడకీ మధ్య నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పదహారేళ్ళ పిల్ల. డిటెక్టివ్ ఎదురుగా చతికిలబడింది. బీమా కంపెనీల కోసం దొంగ క్లెయిములు పట్టుకోవడం ఆమె పని. ఎదుటివాళ్ళు ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుందని పేరు. కానీ ఈ పిల్ల ముందు కూర్చునేసరికి ఆమె చేతులు కుదురుగా ఉండటం లేదు. బ్యాగు జిప్పు తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది.

"ఎన్నింటికి కొట్టావు?"

"ఆరున్నరకి. రోజూ అదే టైము."

"పిన్ని కనపడలేదా?"

"మిట్ట అడ్డం కదత్తా. ఏడో హోల్ అవతల పల్లంలో ఉంటుంది. కొట్టేచోటికి జెండా చివర ఒక్కటే కనిపిస్తుంది."

"కొట్టాక ఏం విన్నావు?"

"బంతి మిట్ట దాటింది. బాగానే కొట్టాననుకున్నా. చిన్నగా టంగుమని వినిపించింది. తర్వాత పిన్ని అరుపు."

"వెంటనేనా?"

పిల్ల ఆలోచించింది. "గోల్ఫ్ కర్ర తుడిచి సంచిలో పెట్టుకున్నాను. నీళ్ళు తాగాను. అప్పుడు."

జిప్పు ఆగింది. "బంతి తగిలిన మనిషి అప్పుడే అరుస్తుంది కదే. నువ్వు నీళ్ళు తాగేదాకా ఆగి అరుస్తుందా?"

"ఏమో అత్తా. నేను ఫోర్ అని కూడా అరవలేదు. దారి తప్పలేదనుకున్నా. అరిచి ఉంటే వంగేది కదా."

దారి తప్పిన బంతి మనుషుల మీదికి పోతుంటే, కొట్టినవాళ్ళు "ఫోర్" అని కేక వెయ్యాలి. ఆ కేక చెవిన పడితే ఆ కాలనీలో అప్పుడే నడక నేర్చిన పసివాళ్ళు కూడా రెండు చేతులూ తల మీద పెట్టుకుని వంగిపోతారు. అన్నం తినడం కంటే ముందు నేర్పే పాఠం అది. ఆ ఒక్క కేక వెయ్యలేదని పిల్ల లోపల్లోపల నుసి అయిపోతోంది.

"పిన్ని పక్కన ఉన్న బంతి నీదేనని నీకెలా తెలుసు?"

"నేను పరిగెత్తుకెళ్ళేసరికి ఈల సారు అక్కడే ఉన్నాడు. నీ చుక్క బంతేనమ్మా అన్నాడు."

"చుక్కని నువ్వు చూశావా?"

"నేను రక్తం చూశానత్తా."

డిటెక్టివ్ పిల్ల కాళ్ళ వైపు చూసింది. బొటనవేలి గోరు పచ్చగా మెరుస్తోంది.

"ఇదేం రంగే, కామెర్లొచ్చినట్టు?"

పిల్ల మొహంలో నవ్వు వచ్చీ రానట్టు వచ్చింది. "బంతులకి గుర్తు పెట్టడానికి కొన్న గోళ్ళరంగు. ఎర్ర సీసా ఆదివారం అయిపోయింది. పాత చుక్కలన్నీ తుడిచేసి పసుపు చుక్కలు పెట్టాను. వేలికి రాసి చూశా, బాలేదు."

"ఈ రోజు గురువారం. అంటే నాలుగు రోజులుగా నీ సంచిలో ఎర్ర చుక్క బంతి లేనే లేదు."

"లేదు. ఎందుకత్తా?"

"లే. చెప్పులేసుకో."

గుమ్మం దాటుతుంటే మరదలు ఎదురొచ్చింది. రొప్పుతోంది. "వదినా, పిన్ని ఫోను కోసం ఆవిడ ఇల్లంతా గాలించాను. ఫోను లేదు. చేస్తూనే ఉన్నాను, కవరేజీ లేదంటోంది."

"స్విచాఫ్ అనడం లేదా?"

"లేదు, కవరేజీ లేదనే."

"చేస్తూనే ఉండు. విసుగొచ్చినా ఆపకు."

మిట్ట దిగి ఏడో హోల్ పల్లంలోకి అడుగుపెట్టగానే డిటెక్టివ్ తన ఫోను చూసుకుంది. సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"ఇక్కడంతే అత్తా," అంది పిల్ల. "మెసేజ్‌లు ఇరుక్కుపోతాయి. మళ్ళీ మిట్ట ఎక్కితే వాటంతటవే పోతాయి."

దువ్వినట్టున్న గడ్డి చుట్టూ తాడు కట్టి ఉంది. మధ్యలో జెండా. ఒక పక్కన కంచె, కంచె అవతల పళ్ళ డాక్టరు ఇల్లు. తాడు పక్కనే బ్యాటరీ బగ్గీలో కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి వీళ్ళని చూసి మెడలోని ఈల ఒకసారి ఊది లేచాడు. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు కాలనీ కాపలాకి పెద్ద. ఈల ఊదకుండా మాట మొదలుపెట్టడు కాబట్టి అందరికీ ఈల సారు.

"రండి మేడం. గోడౌన్ మంటల కేసు తర్వాత మళ్ళీ ఇదేగా కలవడం."

"అవును. అప్పుడు కూడా మీరు ప్రమాదమే అన్నారు. నేను వెళ్ళి కిరసనాయిలు డబ్బా వెతికి తెచ్చాను."

"డబ్బా మీకు దొరికింది. బదిలీ నాకు దొరికింది." ఆయన నవ్వాడు గాని కళ్ళు నవ్వలేదు. "ఇప్పుడూ ప్రమాదమే అంటున్నాను. ఈసారి సంతోషించాలి మీరు. ప్రమాదం కాదని తేల్చారనుకోండి, ఇరుక్కునేది ఎవరు? మీ ఇంటి పిల్లని కాపాడుతున్నది నేను మేడం. మీరు తవ్వి తీసి మీ నెత్తినే పోసుకోకండి."

"బంతి చూపించండి."

"చూడండి, ముట్టుకోవద్దు." పాలిథిన్ సంచి ఎత్తి పట్టుకున్నాడు. "ఆరున్నర నుంచి నేనిక్కడ్నుంచి కదల్లేదు. టీ కూడా ఇక్కడికే తెప్పించుకున్నా. కమిటీ వాళ్ళతో మాటలు కూడా ఈ వాకీటాకీలోనే. గడ్డిపోచ కదిలితే ఒట్టు."

"ప్రమాదానికి ఇంత కాపలానా?"

ఈల సారు సమాధానంగా ఈల ఊదాడు. దూరంగా పిచ్చుకలు లేచిపోయాయి.

సంచిలో బంతి మీద ఎర్ర చుక్క ఉంది. డిటెక్టివ్ వంగి ఇంకా దగ్గరగా చూసింది. బంతి మీది చిన్న చిన్న గుంతల్లో ఎండిపోయిన నాచు, నల్లగా.

"ఇది చెరువులో మునిగిన బంతి. ఎప్పుడో పోయింది, ఎవరో ఏరుకున్నారు."

"పిల్లే ఏరుకుని ఉంటుంది."

"నా మేనకోడలు చెప్పులు తుడవదు, పుస్తకాలు తుడవదు. బంతి తుడవకుండా మాత్రం కొట్టదు. ఈ నాచుతో కొట్టి ఉంటే గోల్ఫ్ కర్ర దెబ్బకే సగం రాలిపోయేది. ఇంకో మాట. ఆదివారం నుంచి ఇది పసుపు చుక్క పెడుతోంది."

"ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది."

"అది చెప్పింది, మీరు నమ్మారు. మేనత్త మాట పెళ్ళిళ్ళలో చెల్లుతుంది మేడం, కమిటీలో చెల్లదు." ఈల సారు ఒక అడుగు ముందుకి వేశాడు. "సరే, మీ దారికే వస్తాను. పసుపు చుక్క బంతే కొట్టిందనుకుందాం. ఏదది? పొదలు వెతికించాను, ఇసక తవ్వించాను, డాక్టరు గారి పూలకుండీలు కూడా ఎత్తి చూశాం. ఇంకో బంతి లేదు. కొట్టిన బంతి ఆకాశంలో ఉండిపోయిందా?"

డిటెక్టివ్‌కి ఒళ్ళు కాలుతోంది. ఆ ప్రశ్న మంచిది, పైగా అడిగింది ఈయన.

మాట మార్చడానికి బగ్గీ వైపు చూసింది. ముందు అరలో మడత పెట్టిన రెయిన్‌కోటు, కింద ఏదో దాచినట్టు ఉబ్బెత్తుగా. పైన ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది.

"వాన పడుతుందంటారా?"

"మా ఉద్యోగం ముందుజాగ్రత్త మేడం."

"పిన్ని ఫోను దొరికిందా?"

"ఇంట్లో పెట్టి మరిచిపోయి ఉంటుంది. పెద్దావిడ."

ఆ కాలనీలో అందరి కదలికలూ ఫోనులో చెప్పే మనిషి, ఆ ఫోనే మరిచి వాకింగ్‌కి వచ్చిందట. డిటెక్టివ్ పిల్లని తాడు దగ్గరే ఉండమని సైగ చేసి కంచె దగ్గరికి నడిచింది. గడియారం తొమ్మిదిన్నర అంటోంది.

పళ్ళ డాక్టరు చిన్న నిచ్చెన మీద నిలబడి వంటింటి కిటికీకి అట్టముక్క అంటిస్తున్నాడు. రిటైరైన మనిషి, పలకరిస్తే వదలని రకం.

"కోచ్ గారి అక్కేనా మీరు? రండి. నా ఇంటికి కిటికీల కంటే అట్టలెక్కువైపోయాయి. నెల కిందటిదాకా ఒక్క గాజు పెంకు ఎరగను."

"నెల కిందట ఏం మారింది?"

"ఏమీ మారలేదు. అదే విచిత్రం. అప్పుడేగా కాలనీ అంతా కూర్చుని కాపలా మనుషుల్ని మానిపిద్దామనుకున్నాం. పిల్లి తప్పిపోవడం తప్ప ఏమీ జరగని చోట వీళ్ళెందుకని మొదట లేచింది నేనే. సరిగ్గా ఆ వారం నుంచి నా కిటికీలకి గ్రహచారం పట్టుకుంది. చివరికి నేనే వెళ్ళి బాబ్బాబు ఉండవయ్యా అని ఈల సారు గడ్డం పట్టుకున్నాను."

"పగలగొట్టిన బంతులు దాచారా?"

"సోమవారం నాటిది ఉంది." జేబులోంచి తీసి కంచె మీద పెట్టాడు. ఎర్ర చుక్క. గుంతల్లో ఎండు నాచు. "మీ పిల్లదేనని ఈల సారు అన్నాడు. నేను దాన్నేమీ అనలేదమ్మా, చిన్నపిల్ల."

సోమవారం. సీసా అయిపోయిన మర్నాడు. డిటెక్టివ్ ఆ బంతిని రుమాల్లో చుట్టుకుంది.

"ఈ రోజు పొద్దున్న ఏం విన్నారు డాక్టరు గారూ? ఏది ముందు, ఏది వెనక, అలా చెప్పండి."

"పళ్ళు తోముకుంటున్నాను. ఇల్లు కాలుతున్నా మధ్యలో ఆపను నేను, ఉద్యోగం నేర్పిన బుద్ధి. ముందు టంగుమంది. ఇనప కర్రకి ఏదో తగిలినట్టు. తర్వాత చప్పట్లు."

"చప్పట్లా?"

"చప్పట్లే. పిన్నివి. ఆవిడ ప్రతి పుట్టినరోజుకీ అందరికంటే గట్టిగా కొడుతుంది, నాకు తెలియదూ? తర్వాత గబగబా ఏదో చెప్పుకుపోయింది, రోజూ వార్తలు చెప్పినట్టే. తర్వాత కేక. నోట్లో నురగతో నేను కిటికీలోంచి తొంగి చూసేసరికి, పడిపోయి ఉంది. ఈల సారు పక్కన వంగి ఉన్నాడు."

"ఈ చప్పట్ల సంగతి ఆయనకి చెప్పారా?"

"చెప్పాను. పావురాలు రెక్కలు కొట్టుకుని ఉంటాయి, వయసు మీద పడ్డ చెవులు అన్నాడు. పావురాలకీ పిన్నికీ తేడా తెలియని చెవులు కావమ్మా నావి."

వెనక ఈల మోగింది. డిటెక్టివ్ తిరిగి చూసింది. ఈల సారు బగ్గీలో కూర్చుని ఉన్నాడు, పక్క సీట్లో మేనకోడలు.

"కమిటీ వాళ్ళు పిల్లని ముందే తీసుకురమ్మంటున్నారు మేడం," వాకీటాకీ ఊపి చూపించాడు. "మీరు తీరిగ్గా పరిశోధన చేసుకోండి. పిల్లని నేను దింపుతాను."

"నేను వచ్చేదాకా నోరు విప్పకు," అంది డిటెక్టివ్ పిల్లతో. పిల్ల తలూపింది, పరీక్ష తప్పానని ముందే తెలిసినవాళ్ళు ఊపినట్టు. పొద్దున్నుంచీ కదలని బగ్గీ కదిలింది. మిట్ట ఎక్కి అవతలికి దిగి మాయమైంది.

డిటెక్టివ్ తాడు కింద నుంచి దూరి లోపలికి వచ్చింది. కాలు ఒకచోట నిలవడం లేదు. జెండా చుట్టూ తిరుగుతోంది. టంగు. చప్పట్లు. కబుర్లు. కేక. పిల్ల గోల్ఫ్ కర్ర తుడుచుకుని నీళ్ళు తాగినంత సేపు. దెబ్బ తిన్న మనిషి చప్పట్లు కొట్టదు. దెబ్బ తినబోతున్నానని తెలిసిన మనిషీ కొట్టదు. ఆరున్నరకి, ఒంటరిగా, గోల్ఫ్ మైదానంలో నిలబడి ఒక పెద్దావిడ దేనికి చప్పట్లు కొడుతుంది?

ఆమె తిరగడం ఆపింది. జెండా కర్ర వైపు చూసింది. ఇనప కర్ర.

మోకాళ్ళ మీద కూర్చుని జెండా పక్కకి వంచి, కర్ర మొదట్లో ఉన్న గుంటలో చెయ్యి పెట్టింది. చల్లగా, గుండ్రంగా తగిలింది.

తెల్లటి బంతి. నాచు లేదు, మట్టి లేదు. మీద పసుపు చుక్క, కామెర్ల రంగు.

పొదల్లో వెతికారు, ఇసకలో వెతికారు, పూలకుండీల కింద వెతికారు. బంతి ఎక్కడికి పోవాలని కొడతారో అక్కడ మాత్రం ఒక్కరూ చూడలేదు. తప్పు చేసిందని ముందే తేల్చేసిన పిల్ల బంతి, సరైన చోట ఉంటుందని ఎవరికి తడుతుంది? ఒక్క దెబ్బకి గుంటలో వెయ్యడం ఈ ఆటలో కొందరికి జన్మంతా దొరకని వరం. సాక్షి లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఈ పిల్ల ఆ దెబ్బ కొట్టింది, దానికి సాక్షి కూడా ఉంది. ఆ సాక్షినే చంపబోయానని పిల్ల పొద్దున్నుంచీ ఏడుస్తోంది.

డిటెక్టివ్ బంతిని గుప్పిట్లో బిగించి మిట్ట వైపు పరిగెత్తింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, బంతి ఒక చేత్తో. మిట్ట మీదికి చేరగానే బ్యాగులో ఫోను మోగింది.

కాలనీ గ్రూపు. వాయిస్ మెసేజ్.

పంపినది వార్తల పిన్ని.

ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్న మనిషి. మెసేజ్ నొక్కి చెవిలో పెట్టుకుంది. ఉత్సాహంతో ఊగిపోతున్న పిన్ని గొంతు వినిపించింది.

"వార్తలు తర్వాత, ముందు ఇది వినండి. కోచ్ గారి అమ్మాయి కొట్టిన బంతి మిట్ట దాటి వచ్చి, జెండా కర్రకి తగిలి, గుంటలో పడింది. ఒక్క దెబ్బకి. నా ఈ రెండు కళ్ళతో చూశాను, సాక్షిని నేనే, ఎవరూ కాదనడానికి లేదు. పిల్ల ఇంకా పైనే ఉంది, దానికి తెలియదు పాపం. నేనే వెళ్ళి చెబుతాను. ఉండండుండండి. కంచె దగ్గర ఎవరది? ఈల సారూ, మీరా? ఆ సంచేంటి, దాన్నిండా బంతులేంటి? డాక్టరు గారి కిటికీకి గురి చూస్తున్నారేంటి? అయ్యో రామ, ఇన్నాళ్ళూ ఇది మీ పనా?"

గడ్డి మీద బరువైన అడుగులు. ఒక దెబ్బ. కేక. అంతే.

మాట్లాడుతున్నంతసేపూ వేలు నొక్కి పట్టుకుంటారు. వేలు వదిలితే మెసేజ్ బయల్దేరుతుంది. పిన్ని పడిపోయినప్పుడు వేలు వదిలేసింది. కానీ పల్లంలో సిగ్నల్ లేదు, మెసేజ్ ఫోనులోనే ఇరుక్కుపోయింది. ఆ ఫోను మిట్ట ఎక్కేదాకా ఎదురుచూసింది. పొద్దున్నుంచీ ఆ పల్లంలోంచి కదలనిది ఒక్కటే. ఇప్పుడు మిట్ట ఎక్కిందీ అదొక్కటే.

ఈల సారు బగ్గీ.

ఏమీ జరగని చోట తన అవసరం ఉండదని ఆయనే జరిపించాడు. ఒక కిటికీ, ఇంకో కిటికీ. చెరువులో ఏరిన పాత ఎర్ర చుక్క బంతులతో నెపం ఒక పిల్ల మీదికి తోసేశాడు.

డిటెక్టివ్ తలెత్తి చూసింది. కింద, క్లబ్బుకి పోయే దారిలో సగంలో, బగ్గీ ఆగి ఉంది. ఫోనులో పిన్ని పేరు చూసి ఆపించినట్టుంది, పిల్ల దిగి పక్కన నిలబడి ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. పిన్ని వార్తలు రాగానే వినడం ఆ పిల్లకి పళ్ళు తోముకున్నంత అలవాటు. ఆమె మొహం మెల్లగా పైకి లేచింది, డ్రైవరు సీటు వైపు.

ఈల సారు కూడా దిగాడు. రెయిన్‌కోటు పక్కకి లాగాడు. కింద నుంచి పొడవాటి సంచి తీశాడు, అడుగున బరువుగా వేలాడుతోంది. భయపడ్డ మనిషి చెయ్యి ఆలోచన కంటే ముందు లేస్తుంది. పొద్దున్న ఒకసారి లేచింది.

పరిగెత్తితే అందే దూరం కాదు. పిల్ల కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. "పారిపో" అంటే కదలదు, "జాగ్రత్త" అంటే ఎటు అని చూస్తుంది. డిటెక్టివ్ గుండె నిండా గాలి పీల్చుకుని, పొద్దున్న ఎవరూ వెయ్యని ఆ కేక వేసింది.

"ఫోర్!"

పిల్ల రెండు చేతులూ తల మీదికి వెళ్ళాయి. నడుము నేలకి వంగిపోయింది. గిర్రున వచ్చిన సంచి ఆమె వీపు మీది నుంచి ఉత్త గాలిని కోసుకుంటూ పోయి బగ్గీ ఇనప స్తంభానికి తగిలి చిరిగింది. ఆ ఊపుకి ఈల సారు మోకాళ్ళ మీద పడ్డాడు. ఎర్ర చుక్కల బంతులు దారంతా దొర్లుకుంటూ పల్లం వెతుక్కున్నాయి.

క్లబ్బు వసారాలో కమిటీ పెద్దలంతా తలల మీద చేతులు పెట్టుకుని కుర్చీల వెనక వంగి ఉన్నారు. ఒక్కొక్కరే లేచారు. వాళ్ళ ఫోన్లలో, ఒకదాని వెనక ఒకటి, పిన్ని గొంతు మొదలైంది. ఈల సారు అలవాటు కొద్దీ ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు. వసారా దగ్గరున్న కాపలా మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు.

అప్పుడు బగ్గీ సీటు కింద నుంచి ఒక ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆగింది. మళ్ళీ మోగింది. మరదలు విసుగు లేకుండా చేస్తూనే ఉంది.

అందరూ ఆ సీటు వైపే చూశారు. ఈల సారు ఒక్కడే చూడలేదు.

మిట్ట దిగి డిటెక్టివ్ చేరేసరికి, తమ్ముడు ఈల సారు రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుని ఉన్నాడు. ఈసారి తమ్ముడి రెండు కాళ్ళకీ చెప్పులు లేవు. పిల్ల ఇంకా నేల మీదే ఉంది, తల మీది చేతులు తియ్యకుండా.

"ఎవరు కొట్టారత్తా?" అంది. "ఎవరి బంతి?"

డిటెక్టివ్ ఆ పక్కనే మట్టిలో కూలబడింది. పొద్దున్నుంచీ మొదటిసారి ఆమె చేతులు కుదురుగా ఉన్నాయి. పిల్ల చేతుల్లో ఒకదాన్ని తల మీది నుంచి దింపి, ఆ అరచేతిలో పసుపు చుక్క బంతిని పెట్టి, వేళ్ళు మూసింది.

"నీదే. గుంటలోంచి తీశాను. పద, సాక్షి దగ్గరికి వెళ్దాం. కళ్ళు తెరిచేసరికి నువ్వు ఎదురుగా లేకపోతే, దానికి నేను చెప్పాల్సిన వార్త నువ్వు చెప్పేశావేం అని నాతో పోట్లాటకొస్తుంది."